జీప్ చెరోకీ ఎత్తు పెంచడానికి జంక్‌యార్డ్ స్ప్రింగులు: ఏ బండివి ఎవరికి సరిపోతాయి

1984 నుంచి 2001 వరకు అమెరికాలో అమ్మిన జీప్ చెరోకీకి కంపెనీ పెట్టుకున్న కోడ్ పేరు ఎక్స్‌జే, అభిమానులు పిలిచేదీ అదే. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు), రెండు వైపులా గట్టి యాక్సిల్. టెక్సాస్‌లోనో కొలరాడోలోనో ఉంటూ ఒక పాత ఎక్స్‌జే కొనుక్కుని, రాళ్ల దారిలో కింద తగలకుండా రెండు మూడు అంగుళాలు లేపుకోవాలనుకునే మనవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే: కొత్త లిఫ్ట్ కిట్ కొనాలా, లేక జంక్‌యార్డ్‌లో వేరే బండి స్ప్రింగులు విప్పి తెచ్చుకోవాలా? రెండోదానికే మొగ్గితే మరో చిక్కు. గ్రాండ్ చెరోకీ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఉన్నది) కాయిల్సా, షెవ్రొలే ఎస్-10 పికప్ పట్టీలా, జీప్ కొమాంచీ పికప్ కట్టలా?

చాలామంది "ఏది ఎక్కువ ఎత్తు ఇస్తుంది" అని చూస్తారు. అది తప్పు కొలత. స్ప్రింగ్ ఎత్తును నిర్ణయించేది దాని పొడవొక్కటే కాదు, దాని మీద కూర్చునే బరువు కూడా. బరువైన బండి స్ప్రింగ్ తేలిక బండి కింద పెడితే బండి లేస్తుంది. ఆ లేవడం ఉచితంగా రాదు, స్ప్రింగ్ గట్టిదనం కూడా వెంట వస్తుంది. అందుకే ముందు మీ బండి మీద ఎప్పుడూ ఉండే బరువెంతో తేల్చుకోండి. దాత బండి, అంటే స్ప్రింగులు విప్పి తెచ్చుకునే బండి సంగతి ఆ తర్వాతే.

ముందు చూడాల్సిన కొలతలు

కాయిల్ విషయంలో మూడు చూడాలి: తీగ మందం, చుట్ట వ్యాసం, పనిచేసే చుట్ల సంఖ్య. గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. తీగ 5 శాతం మందమైతే, మిగతావి మారకపోయినా, స్ప్రింగ్ దాదాపు 21 శాతం గట్టిపడుతుంది. కంటికి రెండు స్ప్రింగులు ఒకేలా కనిపించినా వెర్నియర్ కాలిపర్ పెట్టకుండా నమ్మకూడదనడానికి కారణం ఇదే. చుట్లు తగ్గినా గట్టిదనం పెరుగుతుంది. 8 చుట్ల స్ప్రింగ్‌లో ఒకటి కోసేస్తే 14 శాతం గట్టిపడుతుంది, పొట్టిగానూ అవుతుంది. ఎక్కువ ఎత్తున్న స్ప్రింగ్ తెచ్చి కోసి సర్దుకుందామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కమాన్ కట్టలో వెడల్పు, సెంటర్ బోల్ట్ నుంచి రెండు కళ్లకూ (పట్టీ కొనల్లో బోల్ట్ దూరే గుండ్రటి చుట్టలకు) ఉన్న దూరాలు, కంటి బుష్ సైజు, ఒక్కో పట్టీ మందం చూడాలి. ఎక్స్‌జే పట్టీ వెడల్పు 2.5 అంగుళాలు. ఇంతకంటే వెడల్పున్నవి షాకిల్‌లోనూ (కట్ట వెనక కొనను బాడీకి కలిపే ఊగే లింకు), యూ-బోల్ట్ (కట్టను యాక్సిల్‌కు బిగించే యూ ఆకారపు బోల్ట్) మధ్యలోనూ పట్టవు. సన్నవి పెడితే పక్కలకు జరుగుతాయి. పట్టీ మందం 6 మిల్లీమీటర్ల నుంచి 7కి పెరిగితే ఆ ఒక్క పట్టీ దాదాపు 59 శాతం గట్టిపడుతుంది, ఇక్కడ లెక్క మూడో ఘాతం కాబట్టి.

ఇక బరువు. ఉదాహరణకు ముందు స్ప్రింగ్ ఒక్కోటి అంగుళానికి 150 పౌండ్ల గట్టిదనం ఉందనుకుందాం. వించ్ (చిక్కుకున్న బండిని లాగే మోటారు తాడు), ఇనుప బంపర్ కలిపి 150 పౌండ్లు ఎక్కిస్తే ఒక్కో స్ప్రింగ్ మీద 75 పౌండ్లు పడి ముక్కు అర అంగుళం కూర్చుంటుంది. బంపర్ యాక్సిల్‌కు ముందుకు వేలాడుతుంది కాబట్టి నిజంలో ఇంకాస్త ఎక్కువే దిగుతుంది. ఇవాళ వించ్ లేకుండా కొలిచి సంబరపడి, వచ్చే ఏడు బిగించుకుంటే ఆ లిఫ్ట్‌లో కొంత పోయినట్టే.

ఎంత ఎత్తు దాకా ఖర్చు స్ప్రింగులతో ఆగుతుంది?

ఇది తేలకుండా జంక్‌యార్డ్‌కు వెళ్లకండి. 4 లీటర్ల ఇంజన్, ఎన్‌పీ231 ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిల్‌లకు శక్తి పంచే పెట్టె) ఉన్న ఎక్స్‌జేకి సుమారుగా ఇలా ఉంటుంది.

2 అంగుళాల లోపు: స్ప్రింగులు, అవసరమైతే షాక్స్, వీల్ అలైన్‌మెంట్. 30 అంగుళాల టైర్లు ఈ ఎత్తులోనే చాలామంది నడుపుతారు.

3 అంగుళాల దగ్గర: వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరిగి వణుకు మొదలయ్యే అవకాశం ఎక్కువ. మందు మూడు రకాలు: ట్రాన్స్‌ఫర్ కేస్‌ను కాస్త కిందికి దించే స్పేసర్లు, స్ప్రింగ్ కింద కోణం మార్చే షిమ్ములు, లేదా స్లిప్ యోక్ (షాఫ్ట్ ముందు కొన దగ్గర జారే జోడింపు) తీసేసి డబుల్ కార్డన్ (జంట కీళ్ల) షాఫ్ట్ పెట్టడం. మూడోది ఖరీదు, కానీ శాశ్వతం. ముందు ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కలకు జరగకుండా పట్టి ఉంచే కడ్డీ) కూడా సర్దుబాటు చేసుకునేది కావాలి. బండి లేచేకొద్దీ పాత ట్రాక్ బార్ యాక్సిల్‌ను డ్రైవర్ వైపు లాగేస్తుంది.

4 అంగుళాలు, ఆపైన: కంట్రోల్ ఆర్ములు (యాక్సిల్ ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టే కడ్డీలు), బ్రేక్ గొట్టాలు, స్వే బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) లింకులు, పొడవైన షాక్స్, బంప్ స్టాప్స్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే దిమ్మలు) అన్నీ చేరతాయి. ఇక్కడికొచ్చాక జంక్‌యార్డ్ స్ప్రింగ్ వల్ల మిగిలే డబ్బు మొత్తం ఖర్చులో చిన్న ముక్క మాత్రమే. రోజూ ఆఫీసుకు నడిపే బండికి ఈ గీత దాటొద్దనే మా సలహా.

దాతలు, పక్కపక్కన

| దాత | ఎక్కడ బిగుస్తుంది | సుమారు ఎత్తు | మార్పులు | ఎవరికి |
|---|---|---|---|---|
| ఎక్స్‌జే అప్ కంట్రీ (కంపెనీ ఇచ్చిన ఎత్తు సస్పెన్షన్ ప్యాకేజీ) కాయిల్స్, కట్టలు | ముందూ వెనకా | 1 అంగుళం | ఏమీ లేవు | రోజువారీ బండి |
| గ్రాండ్ చెరోకీ (జెడ్‌జే) వీ8 ముందు కాయిల్స్ | ముందు | 1 నుంచి 1.5 | దాదాపు లేవు | బంపర్, వించ్ ఉన్నవాళ్లు |
| షెవ్రొలే ఎస్-10 పికప్ పట్టీలు | వెనక, ఎక్స్‌జే మెయిన్ పట్టీ కింద | 2.5 నుంచి 4 | పట్టీలు కోయడం, కొత్త సెంటర్ బోల్ట్, యూ-బోల్ట్‌లు | సామాన్లు మోసేవాళ్లు |
| కొమాంచీ (ఎంజే) కట్ట | వెనక, లోపలి పట్టీలు మాత్రమే | ఎంచుకున్న పట్టీలను బట్టి | కొలిచి సర్దాలి | పని తెలిసినవాళ్లు |
| పొడవు షాకిల్ | వెనక | పెంచిన పొడవులో సగం | బోల్ట్‌లు | చిన్న సర్దుబాటుకు |

ఈ అంకెలు కొత్తగా ఉన్న స్ప్రింగులకు. మీ బండివి ఇరవై ఏళ్లు కూర్చుని అంగుళం దిగిపోయి ఉంటే తేడా ఇంకా పెద్దగా కనిపిస్తుంది. లిఫ్ట్ రెండు అంగుళాలు వచ్చిందని చెప్పేవాళ్లలో చాలామందికి వచ్చింది అంగుళమే, మిగిలింది పోగొట్టుకున్నది తిరిగి రావడమే.

ముందు: గ్రాండ్ చెరోకీ వీ8 కాయిల్స్

1993 నుంచి 1998 వరకు వచ్చిన మొదటి తరం గ్రాండ్ చెరోకీలో 5.2 లీటర్ల వీ8, 1998లో 5.9 లీటర్లది కూడా వచ్చాయి. ముందు సస్పెన్షన్ నిర్మాణం ఎక్స్‌జేదే. చుట్ట వ్యాసం ఒకటే, పైన కింద కూర్చునే గిన్నెలు సరిపోతాయి. ఇంజన్ బరువెక్కువ కాబట్టి స్ప్రింగ్ గట్టిది. 4 లీటర్ల ఎక్స్‌జేలో పెడితే అందుకే లేస్తుంది. 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఎక్స్‌జే అయితే ముక్కు మరీ తేలిక. అందులో ఎత్తు ఇంకా ఎక్కువ వస్తుంది, గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది. ఆ బండికి మేం ఇది సిఫారసు చేయం, అప్ కంట్రీవి చాలు.

జంక్‌యార్డ్‌లో బానెట్ ఎత్తి ఇంజన్ చూశాకే విప్పండి. ఆరు సిలిండర్ల జెడ్‌జేలు కూడా పక్కనే ఉంటాయి, వాటి కాయిల్స్‌లో ఈ తేడా దొరకదు. ఎడమ, కుడి రెండూ ఒకే బండివి తీసుకోండి. తుప్పు పట్టి గుంటలు పడిన చోట వేలు పెట్టి చూడండి, పొలుసుల్లా రాలుతుంటే వదిలేయండి. కాయిల్ విరిగేది అలాంటి గుంట దగ్గరే.

బిగించడం కష్టం కాదు. బండిని బాడీ రైళ్ల దగ్గర స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి, యాక్సిల్ కింద జాక్ ఉంచి, షాక్స్, స్వే బార్ లింకులు, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) విప్పండి. స్ప్రింగ్ కింద ఒక చిన్న క్లిప్, దానికో బోల్ట్ ఉంటాయి. చాలామంది మరిచిపోయేది అదే. అది విప్పాక జాక్ మెల్లగా దించితే, చాలా బండ్లలో కంప్రెసర్ అవసరం లేకుండానే స్ప్రింగ్ వదులవుతుంది. బ్రేక్ గొట్టాల మీద యాక్సిల్ వేలాడకుండా చూడండి. స్ప్రింగ్ కొనలో కూర్చునే రబ్బరు రింగులు, అంటే ఐసోలేటర్లు, పాడైతే మార్చండి. ఒక్కో వైపు అదనంగా ఇంకో ఐసోలేటర్ పెడితే సుమారు ముప్పావు అంగుళం వస్తుంది. ముందూ వెనకా ఎత్తు సమం చేసుకోవడానికి ఇది చవకైన, నమ్మకమైన పద్ధతి.

పని అయ్యాక టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పనిసరిగా సరిచేయించాలి. ఎక్స్‌జే స్టీరింగ్‌లో డ్రాగ్ లింక్ కుడి చక్రానికి వెళ్తుంది, టై రాడ్ ఆ డ్రాగ్ లింక్ నుంచే ఎడమ చక్రానికి పోతుంది. బండి లేవగానే ఆ కోణాలు మారి టో పోతుంది, స్టీరింగ్ చక్రం వంకర తిరుగుతుంది. అలాగే నడిపితే టైర్లు అరిగిపోతాయి. దీనికి తోడు ట్రాక్ బార్ బుష్ వదులైతే 50, 60 మైళ్ల వేగంలో ముందు యాక్సిల్ మొత్తం ఊగిపోయే డెత్ వాబుల్ పట్టుకుంటుంది. స్ప్రింగ్ మారిస్తే వచ్చిందని నింద స్ప్రింగ్ మీద వేస్తారు గానీ, అరిగిన భాగం ముందే ఉంది, లిఫ్ట్ దాన్ని బయటపెట్టింది అంతే.

టీజే ర్యాంగ్లర్ (జీప్‌దే మరో బండి) ఉన్నవాళ్లు కూడా ముందు వైపు ఇవే కాయిల్స్ వాడతారు. తిరగేసి, టీజే స్ప్రింగ్ ఎక్స్‌జేలో పెట్టడం వృథా. అది తేలిక ముక్కు కోసం చేసింది.

వెనక: ఎస్-10 పట్టీలు

అసలు పనంతా ఇక్కడే. గ్రాండ్ చెరోకీకి వెనక కూడా కాయిల్సే కాబట్టి ఆ బండి నుంచి వెనక్కి ఏమీ రాదు. షెవ్రొలే ఎస్-10 పికప్ (జీఎంసీ ఎస్-15 కూడా అదే కుటుంబం) వెనక పట్టీల వెడల్పు కూడా 2.5 అంగుళాలే. దాని కట్ట మొత్తంగా బిగవదు, ఎందుకంటే కళ్ల మధ్య దూరం వేరు. అందుకని ఎక్స్‌జే మెయిన్ పట్టీని ఉంచి, దాని కింద ఎస్-10 లోపలి పట్టీలు చేరుస్తారు.

మెయిన్ పట్టీ మీదే బండి వేలాడుతుంది కాబట్టి దాన్ని ముందు పరీక్షించండి. కంటి మొదట్లో, సెంటర్ బోల్ట్ రంధ్రం చుట్టూ వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి వెలుతురులో చూడండి. వెంట్రుక లాంటి గీత కనిపించినా ఆ పట్టీ పనికిరాదు. కింది పట్టీ కొన ఒరుసుకుని మెయిన్ పట్టీలో గాడి పడి ఉంటే అదీ అనుమానమే, విరగడం అక్కడ మొదలవుతుంది.

కట్ట విప్పేటప్పుడు సెంటర్ బోల్ట్‌కు రెండు వైపులా సీ-క్లాంపులు బిగించకుండా నట్టు తిప్పొద్దు. పట్టీలన్నీ ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి, బోల్ట్ పోగానే ఎగురుతాయి. బోల్ట్ తీశాక క్లాంపులను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా వదలండి.

ఎస్-10 కట్టలో కళ్లున్న మెయిన్ పట్టీని, అడుగున ఉన్న మందపాటి, దాదాపు తిన్నటి ఓవర్‌లోడ్ పట్టీని పక్కన పెట్టండి. మధ్యవి మీకు కావాలి. ఇక కొలతలు. ఎక్స్‌జే మెయిన్ పట్టీ మీద సెంటర్ రంధ్రం నుంచి ముందు కంటికి, వెనక కంటికి దూరాలు రాసుకోండి, రెండూ సమానం కావు. ఎస్-10 పట్టీల రంధ్రం నుంచి కొనలకు కూడా అలాగే రాసుకుని, ఏ కొన ముందుకు పెడితే దగ్గరగా కుదురుతుందో చూడండి. ఏ పట్టీ కొనా దాని పైదాని కొన కంటే బయటికి రాకూడదు. మెట్లలా ఒక్కోటి రెండు మూడు అంగుళాలు తగ్గుతూ రావాలి. పొడవైతే కట్-ఆఫ్ వీల్‌తో మెల్లగా, నీళ్లు చల్లుతూ కోయండి. గ్యాస్ కట్టర్ వాడితే వేడికి పట్టీ పదును పోయి మెత్తబడుతుంది, కొన్నాళ్లకే వంగిపోతుంది. మూలలు గుండ్రంగా గ్రైండ్ చేయండి. కొత్త రంధ్రం వేయాలనే ఆలోచన మాత్రం వద్దు. అత్యధిక ఒత్తిడి పడే చోటే పట్టీని బలహీనపరచడం అవుతుంది.

ఎక్స్‌జే రెండో పట్టీ ఉంచాలా? కళ్ల వరకు వచ్చే పొడవు రెండో పట్టీ ఉంటే ఉంచండి, మెయిన్‌కు ఆసరా. వంపు బాగా పోయిన ఎక్స్‌జే పట్టీ మాత్రం రెండు ఎస్-10 పట్టీల మధ్య ఇరికించొద్దు. మధ్యలో సందు పడుతుంది, పని చేయదు, చప్పుడు చేస్తుంది. ఖాళీ బండిగా ఎక్కువ నడిపేవాళ్లు ఎస్-10 నుంచి ఒకటే పట్టీ చేర్చి చూడడం మంచిది, రెండు చేరిస్తే వెనక సీట్లో కూర్చునేవాళ్లకు ప్రతి గతుకూ తెలుస్తుంది. టెంటు, నీళ్లు, పనిముట్లు, పెట్రోలు డబ్బాలతో ఎప్పుడూ నిండుగా ఉండే బండికి రెండు సరైన సంఖ్య.

కూర్చిన తర్వాత రెండు వైపుల కట్టల వంపూ సరిపోల్చండి. కంటి నుంచి కంటికి దారం కట్టి, దారానికీ మెయిన్ పట్టీకీ మధ్య సెంటర్ బోల్ట్ దగ్గర దూరం కొలవండి. పావు అంగుళం కంటే తేడా ఉంటే బండి ఒక పక్కకు ఒరిగి కనిపిస్తుంది. సెంటర్ బోల్ట్ కొత్తది, దాని తల యాక్సిల్ మీద ఉన్న రంధ్రంలో బిగుతుగా కూర్చోవాలి. ఎక్స్‌జేలో కట్ట యాక్సిల్ పైన ఉంటుంది కాబట్టి తల కిందికి. యూ-బోల్ట్‌లు పాతవి మళ్లీ వాడొద్దు. ఒకసారి సాగిన మరలు బిగుతు నిలపవు. కట్ట ఎంత మందమైతే యూ-బోల్ట్ కాళ్లు అంత పొడవుండాలి.

విప్పేటప్పుడు ఎక్స్‌జే పెట్టే బాధలు రెండున్నాయి. ముందు కంటి బోల్ట్ బాడీ రైలు లోపల వెల్డ్ చేసిన నట్‌లోకి బిగుస్తుంది. తుప్పు పట్టి ఆ నట్ వెల్డ్ ఊడితే బోల్ట్ ఊరికే గిరగిరా తిరుగుతుంది, అప్పుడు పైనుంచి రంధ్రం కోసి లోపల రెంచ్ పెట్టాల్సిందే. వెనక షాక్స్ పైబోల్ట్‌లు కూడా అంతే, తల విరిగి చేతిలోకొస్తాయి. పనికి నాలుగైదు రోజుల ముందు నుంచి రోజూ పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టండి. బిగుతుగా ఉంటే ఒకే వైపు లాగకుండా, పావు తిప్పు వదులు, కొంచెం బిగింపు, మళ్లీ వదులు అన్నట్టు చేయండి. ఆదివారం సాయంత్రానికి బండి కావాల్సినవాళ్లు ఈ పని శనివారం ఉదయమే మొదలుపెట్టాలి.

మిగతావి, క్లుప్తంగా

కొమాంచీ పికప్ ఎక్స్‌జేకి చుట్టమే అయినా దాని కట్టలు ఎక్స్‌జేవాటికంటే పొడవు, పైగా యాక్సిల్ కింద ఉంటాయి. పూర్తి కట్ట బిగవదు. పట్టీలు మాత్రం ఎస్-10 పద్ధతిలోనే వాడొచ్చు. దగ్గర్లో ఎస్-10 దొరికితే కొమాంచీ కోసం ప్రయాసపడనక్కర్లేదు.

షాకిల్ రెండు అంగుళాలు పొడవు పెంచితే వచ్చేది ఒక అంగుళమే, పినియన్ మూతి (ప్రొపెల్లర్ షాఫ్ట్ యాక్సిల్‌కు కలిసే చోటు) పైకి తిరుగుతుంది. అంతకు మించి పెంచితే వెనక భాగం పక్కలకు ఊగుతుంది. వెనక యాక్సిల్ మీద దిమ్మలు (లిఫ్ట్ బ్లాక్స్) పెట్టే పద్ధతీ ఉంది, కానీ పెద్ద దిమ్మ కమాన్ కట్టను ఎస్ ఆకారంలో మెలిపెడుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కుదుపులకు దారి తీస్తుంది.

1988 తర్వాతి పెద్ద షెవ్రొలే పికప్‌ల 63 అంగుళాల పొడవు కట్టలు ఆఫ్-రోడ్ వాళ్లకు ఇష్టమైనవే. పొడవు కట్ట ఎక్కువ దూరం వంగుతుంది, మెత్తగా ఉంటుంది. ఎక్స్‌జేకి విడి ఛాసిస్ లేదు. అంత పొడవు కట్టకు హ్యాంగర్లు జరపాలంటే పల్చటి బాడీ రేకు మీద బలమైన ప్లేట్లు వెల్డ్ చేయాలి. బండిని పూర్తిగా ఆటకే వదిలేసినవాళ్ల పని అది.

మీకేది?

రోజూ ఆఫీసు, నెలకోసారి అడవి దారి: ముందు 4 లీటర్ల బండిలో జెడ్‌జే వీ8 కాయిల్స్, వెనక మంచి స్థితిలో ఉన్న అప్ కంట్రీ కట్టలు, లేదా మీ కట్టకే పొడవాటి కొత్త యాడ్-ఎ-లీఫ్ (కట్టలో అదనంగా చేర్చే పట్టీ) ఒకటి. పొట్టి యాడ్-ఎ-లీఫ్ తీసుకోకండి, కట్ట మధ్యలోనే గట్టిపడి కొనలు వంగిపోతాయి.

వించ్, బంపర్, వెనక నిండా సామాను: జెడ్‌జే కాయిల్స్‌తో పాటు అదనపు ఐసోలేటర్, వెనక రెండు ఎస్-10 పట్టీలు. వెనక ఎత్తు 3 అంగుళాలు దాటితే షాఫ్ట్ వణుకుకు డబ్బు ముందే పక్కన పెట్టుకోండి.

వెల్డింగ్, గ్రైండింగ్ చేతకాదు, చేసిపెట్టే స్నేహితుడూ లేడు: ఎస్-10 జోలికి పోవద్దు. కొత్త కట్టలు కొనడమే చవక, మెకానిక్‌కు ఇచ్చే కూలి కలుపుకుంటే.

ఇదే ఆలోచనతో హైదరాబాద్‌లోనో విశాఖలోనో మారుతి జిప్సీ మీద ప్రయోగం చేయాలనుకునేవాళ్లకు: కొలతల సూత్రం అదే, నాలుగు వైపులా కమాన్ కట్టలే. కానీ ఇండియాలో చట్టం వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులను అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని కచ్చితంగా పాటించాలని చెప్పింది. సెక్షన్ 182ఏ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండొచ్చు. అమెరికాలో బంపర్ ఎత్తు పరిమితులు రాష్ట్రానికో రకం, మీ రాష్ట్రం నిబంధన, బీమా షరతులు చూసుకునే ఎత్తు నిర్ణయించుకోండి.

బిగించిన రోజు, ఆ తర్వాత

కంటి బోల్ట్‌లు, షాకిల్ బోల్ట్‌లు బండి నేల మీద తన బరువుతో నిలబడ్డాకే సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలితిరిగిన స్థితిలో ఉండిపోయి త్వరగా చిరుగుతుంది, ఎత్తు కూడా తప్పుగా కనిపిస్తుంది. తర్వాత ఒక చక్రాన్ని ర్యాంప్ ఎక్కించి, కిందికి వేలాడే చక్రం వైపు బ్రేక్ గొట్టం బిగుసుకుంటోందా, పైకి నొక్కుకున్న వైపు టైరు ఫెండర్‌కు తగులుతోందా, షాక్ అడుగంటుతోందా చూడండి. తగిలితే బంప్ స్టాప్ పొడిగించాలి, ఫెండర్ కోయడం ఆ తర్వాతి మాట.

100 మైళ్ల తర్వాత యూ-బోల్ట్ నట్లు మళ్లీ బిగించండి, 500 మైళ్లకు ఇంకోసారి. కొత్తగా కూర్చిన పట్టీలు ఒకదానిలో ఒకటి సర్దుకుంటాయి కాబట్టి మొదటి నెలలో పావు అంగుళం దిగడం మామూలే. ఆ తర్వాతే హెడ్‌లైట్ల వాలు సరిచేయించండి. ముక్కు లేచిన బండి దీపాలు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడతాయి.